బతికున్నవాడి మైల

వనిత మెడలోని మాల తీయించాలని వాళ్లింట్లో పంచాయితీ పెట్టిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. నన్నెవరూ పిలవలేదు. పిలవని చోటికి పోయి కూర్చునే గుణం నాకుందని ప్రొద్దుటూరు బట్టల అంగళ్ల వీధిలో ఎవరినడిగినా చెప్తారు. నా పేరు ఫరహత్. ఫణీంద్ర సెట్టి చీరల అంగడి మెట్ల పక్కన కుట్టుమిషను వేసుకుని, కొన్న చీరకు కొన్నట్టే ఫాల్ కుట్టి ఇస్తాను. వనిత అదే అంగడిలో లోపల పరుపు మీద కూర్చుని చీరలు చూపిస్తుంది. ఆమె విప్పి చూపించిన చీర నా దగ్గరికి వస్తుంది. అట్లా ఏళ్ల తరబడి పక్కపక్కన బతుకుతున్నాం.

ఆ రోజు నట్టింట్లో కుర్చీల్లో ముగ్గురు కూర్చున్నారు. వనిత మొగుడు గురుప్రసాద్, అత్త, గురుప్రసాద్ అన్న సాయినాథ్. వనిత కింద గోడకానుకుని కూర్చుంది. ఎర్రచీర, మెడలో ఎర్రపూసల మాల, నుదుట ఇంత కుంకుమ. అమ్మవారి దీక్ష పట్టి, ఇరుముడి ఎత్తుకుని, గుడికి పోయి మొక్కు తీర్చుకుని వచ్చింది. ఆమెతో పోయిన ఆడవాళ్లందరూ తిరిగి వచ్చిన రోజే మాలలు తీసేసి, ఇంట్లో కోడిని కోసుకున్నారు. ఈమె మాత్రం తీయలేదు. చలి పోయి ఎండలు వచ్చినా మాల మెడలోనే ఉంది.

సాయినాథ్ ఆ ఇంట్లో పెద్దమనిషి. ఏటా అయ్యప్ప మాల వేసుకుని, వాడకట్టు పిల్లకాయలకంతా తనే మాలలు వేసే గురుస్వామి. ఏ మైల ఎన్నాళ్లు పట్టాలి, ఏ చేత్తో ఏది ముట్టాలి, అన్నీ ఆయన నోట్లోనే ఉంటాయి.

"దీక్షకు ఒక హద్దుండాది మాతా. హద్దు దాటినాక మెడలో మాల ఉంటే అది భక్తి కాదు, మొండితనం" అన్నాడు.

"అట్లయితే తీయండి బావా. ఎవురు తీస్తారో వచ్చి తీయండి" అంది వనిత. అని, మెడ కాస్త ముందుకు వంచింది.

ఒక్కరూ కుర్చీలోంచి లేవలేదు. గురుప్రసాద్ తల్లి వైపు చూశాడు. తల్లి పెద్ద కొడుకు వైపు చూసింది. పెద్ద కొడుకు ఫ్యాన్ వైపు చూశాడు. అమ్మవారి మాల మీద చెయ్యి వేసి లాగితే ఏమవుతుందో అని ముగ్గురికీ భయం. నాకు నవ్వాగలేదు.

"నీకేం పని ఈడ?" అని నా మీద విరుచుకుపడింది అత్త.

"పనేం లేదు పెద్దమ్మా. ఎవురు తీస్తారో చూసిపోదామని వచ్చినా" అన్నాను.

ఆ పంచాయితీ అట్లా ముగిసింది. వాళ్లు ఊరుకుంటారని నేను అనుకోలేదు గానీ, చివరికి అంత పని చేస్తారని కూడా అనుకోలేదు.

వనితది పులివెందుల. నాయన ఓబులేసు చీనీకాయల, అంటే బత్తాయిల, మండీలో కాయలు ఏరి, సైజుల వారీగా వేరుచేసే పని చేసేవాడు. తల్లి చిన్నప్పుడే పోయింది. ఆయన మళ్లీ పెళ్లి చేసుకోకుండా ఈ ఒక్క పిల్లను సాకాడు. తిండికి లోటు లేదు, కొట్టేవాళ్లు లేరు. అయినా ఆ పిల్ల ఎక్కడున్నా చుట్టపుచూపుగా వచ్చినట్టే ఉండేదట. ఒకసారి టీ తాగుతూ తనే చెప్పింది.

"పొద్దు గూకితే ఇంటికి పోవాల ఇంటికి పోవాల అనిపించేది అక్కా. ఉండేదే మా ఇంట్లో. ఇంక యాడికి పోవాల?"

పెళ్లి గురించి అడిగితే ఇంకా అన్యాయంగా చెప్పింది. తలంబ్రాలు పోసేటప్పుడు, ఈ పెళ్లికూతురు ఎవరో పాపం, బాగుంటే బాగుండు అనుకుందట. నేను పడీ పడీ నవ్వాను. ఆమె నవ్వలేదు, నిజమే చెప్తున్నానన్నట్టు చూసింది. అప్పుడు నాకు నవ్వినందుకు బాధేసింది.

అట్లాగని పని ఎగ్గొట్టే మనిషి కాదు. పొద్దున్నే లేచి ఇంటిల్లిపాదికీ వండిపెట్టి, అంగడికి వచ్చి సాయంత్రం దాకా చీరలు మడిచి విప్పి, మళ్లీ ఇంటికి పోయి వండేది. అన్నీ చేసేది, దేనిమీదా ఆశ పెట్టుకునేది కాదు. గొడవ పడేది కాదు. ఇది నాది అని ఒక గిన్నెను కూడా అనలేదు. ఆ ఇంటివాళ్లకు అదే నచ్చలేదు. కోడలు ఏడిస్తే ఓదార్చవచ్చు, అరిస్తే అణచవచ్చు, ఏమీ అనకపోతే ఏం చేయాలో వాళ్లకు తెలియలేదు. పిల్లలు లేకపోయేసరికి పిచ్చి పట్టిందన్నారు. నాకు ముగ్గురున్నారు, నాకూ రోజుకొకసారి ఎక్కడికైనా పోవాలనే అనిపిస్తుంది. కడపకు తీసుకుపోయి డాక్టరుకు చూపించారు. ఆయన ఇచ్చిన మాత్రలకు వనిత కొన్నాళ్లు అంగట్లో పరుపు మీద కూర్చున్న చోటే నిద్రపోయింది. నేనూ దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించాను. మర్యాదగా కట్టించుకుంది, అంతకుమించి ఏమీ జరగలేదు.

ఇక్కడొక మాట చెప్పకపోతే నాకు అన్నం అరగదు. గురుప్రసాద్ బంగారు అంగట్లో గుమాస్తా. ఏటా చలికాలం నల్లబట్టలు కట్టి అయ్యప్ప మాల వేసుకుంటాడు. ఆ దినాలన్నీ వనిత చీకటితోనే లేచి చన్నీళ్లు పోసుకుని, ఆయనకు మడిగా వండి, స్వామీ అని పిలిచి పెట్టాలి. నెలసరి వస్తే మూట కట్టుకుని వేరే వాళ్ల వసారాలో పడుకోవాలి. ఆయన కొండకు పోయి వచ్చి, సాయంత్రం మాల తీసి, పొద్దు గూకేసరికి స్నేహితులతో బారులో ఉంటాడు. అప్పుడెవరూ పంచాయితీ పెట్టలేదు. పైగా ఎంత నిష్ఠ, ఎంత నిష్ఠ అని వాడకట్టంతా పొగిడింది. మొగోడికి వైరాగ్యం వస్తే కాళ్లు మొక్కుతారు. ఆడదానికి వస్తే మాత్రలు మింగిస్తారు.

వనిత మాలలోకి రావడం కూడా చీరల వల్లే జరిగింది. జమ్మలమడుగులో పాత ఆస్పత్రిలో ఆయాగా పనిచేసి రిటైరైన శకుంతలమ్మ అనే ఆమె ఉంది. పెన్న ఒడ్డున తన ఇంటి ముందే చిన్న అమ్మవారి గుడి కట్టుకుని, ఏటా ఆడవాళ్లకు మాలలు వేస్తుంది. వాళ్లందరికీ ఎర్రచీరలు కొనడానికి మా అంగడికి వస్తుంది. ఒక ఏడాది వనిత ఆ చీరలు లెక్కపెట్టి కట్ట కడుతూ, "అమ్మా, నేను ఏసుకోవచ్చా" అని అడిగింది. ఆ మాట వినగానే నేను మిషను ఆపి చూశాను. వనిత ఏదైనా కావాలని అడగడం నేను అప్పుడే విన్నాను.

"నీకెందుకమ్మా, ఏం మొక్కుకున్నావు?" అంది శకుంతలమ్మ.

"ఏం లేదమ్మా. ఊరికే."

"ఊరికే ఏసుకునేదే మంచిది, రా" అంది ఆమె.

మాల వేసుకున్న ఆడదాన్ని ఇంట్లోవాళ్లు మాతా అని పిలవాలి. ఏమే, ఒసే అనకూడదు. చెయ్యెత్తకూడదు, పక్కమీదికి పిలవకూడదు. ఆమె చాప మీద పడుకుంటుంది, ఒంటిపూట తింటుంది, నీచు ముట్టదు. ఈ కట్టుబాట్లన్నీ వేరేవాళ్లకు కష్టంగా ఉంటాయేమో, వనితకు మాత్రం ప్రాణం లేచి వచ్చింది. అంగట్లో నవ్వుతూ చీరలు చూపించింది. కస్టమర్లు మాత చేతి చీర అని అడిగి మరీ కొన్నారు, సెట్టి కూడా సంతోషపడ్డాడు. ఏటా ఆ కొన్నాళ్లు అట్లా గడిచేవి. మాల తీసిన మర్నాడు మళ్లీ పాత మొహంతో వచ్చేది. ఈ ఏడాది తీయలేదు.

ఎందుకు తీయలేదని నేనూ అడిగాను. దేవుడు కనపడ్డాడేమోనని నా అనుమానం.

"దేవుడేం కనపడలేదు అక్కా" అంది. "చిన్నప్పటి నుంచి నాకు ఎవురింటికో వచ్చినట్టే ఉంటాది. నీ ఇల్లే, నీ వాళ్లే అని అందరూ చెప్తాంటారు. నాకేమో నమ్మకం కుదరదు. మాల ఏసుకున్నప్పుడు మాత్రం, అవును, నువ్వు వచ్చినదానివే, పోయేదానివే అని అందరూ ఒప్పుకుంటారు. అప్పుడు ఉండబుద్ధి అవుతాది. వాళ్ల మీద ప్రేమ కూడా వస్తాది."

నేను ఐదు పూటలా నమాజు చేసేదాన్ని. అయినా అంత సూటిగా ఎవరూ నాకు చెప్పలేదు. ఈమెను ఎవరేమన్నా నేను ఊరుకోకూడదని ఆ రోజే అనుకున్నాను.

ఆ ఇంటి అసలు బాధ ఆదివారం మొదలయ్యేది. మాలలో ఉన్న మనిషి ఇంట్లో ఉంటే పొయ్యి మీద నీచు ఎక్కించకూడదు. గురుప్రసాద్‌కు ఆదివారం పొట్టేలు మాంసం లేకపోతే ముద్ద దిగదు. అత్తకూ దిగదు. ఇల్లు ఊడవడం ఆగలేదు, వంట ఆగలేదు, ఆమె తెచ్చే జీతం ఆగలేదు. కూర వాసన ఒకటే ఆగింది. దానికి వీళ్లు సంసారం నాశనమైందని పేరు పెట్టారు. మా ఆయన కువైట్‌లో ఉంటాడు. ఏళ్ల తరబడి మేం మొహాలు చూసుకునేది సెల్లులోనే. దాన్ని అందరూ సంసారం అంటారు. వనిత అదే ఇంట్లో, అదే కప్పు కింద, మొగుడికి కంచం పెట్టి చాప మీద పడుకుంటే సంసారం చెడిందంటారు. నాకు ఒళ్లు మండదా మరి.

పంచాయితీ అయిన తర్వాత కొంతకాలం వాళ్లు మెదలకుండా ఉన్నారు. ఒక రోజు మధ్యాహ్నం అన్నదమ్ములిద్దరూ అంగడికి వచ్చారు. గురుప్రసాద్ మొహం వేలాడేసుకుని ఉన్నాడు. సాయినాథ్ మెట్ల మీదే నిలబడి వనితను బయటికి పిలిచాడు.

"గుండె గట్టి చేసుకో మాతా. మీ నాయన పోయినాడు. పొద్దున కూర్చున్నోడు కూర్చున్నట్టే పోయినాడంట."

వనిత చేతిలో విప్పిన చీర అట్లాగే ఉంది. నేను లేచి పోయి దాన్ని తీసుకున్నాను.

సాయినాథ్ చెప్పుకుపోతున్నాడు. కన్నతండ్రి పోతే కూతురికి మైల. మైల వచ్చిన ఒంటి మీద మాల ఒక్క క్షణం ఉండకూడదు. వేసిన చేతులే తీయాలి కాబట్టి ముందు జమ్మలమడుగు పోయి శకుంతలమ్మ చేత తీయించుకుని, అటు నుంచి అటే పులివెందుల రావాలి. గురుప్రసాద్‌కు కూడా మైలే కనుక, మాల ఉన్న మనిషి పక్కన కూర్చోకూడదు, వాళ్లు అమ్మను తీసుకుని ఎర్రగుంట్ల మీదుగా కారులో వస్తారు. అంతా శాస్త్రంలో ఉన్నట్టే చెప్పాడు. దీక్ష మొదలైనప్పటి నుంచి వనిత సెల్లు ముట్టడం లేదు, అది అత్త బీరువాలో ఉంది. పులివెందులలో ఎవరి నంబరూ నా దగ్గర లేదు. ఉన్నా చేసేదాన్ని కాదు. చావు కబురు తెచ్చినవాణ్ని నిజమేనా అని ఎవరడుగుతారు?

ఒంటరిగా పంపడానికి నాకు మనసొప్పలేదు. మిషను మీద గుడ్డ కప్పి నేనూ బస్సెక్కాను.

జమ్మలమడుగులో శకుంతలమ్మ మమ్మల్ని చూడగానే విషయం అడిగి, వనితను దగ్గరికి తీసుకుంది. "మైల వస్తే అమ్మ కూడా తీసేయమనే అంటాదిలే తల్లీ, నీ తప్పేం లేదు" అని దండం పెట్టుకుని, మాలను తల మీదుగా పైకి తీసింది. వనిత కళ్లు మూసుకుని నిలబడింది. ఎర్రచీర కూడా విప్పించి, తన పాత నూలు చీర ఒకటి కట్టించింది. గుడి బయటికి వచ్చాక వనిత చెయ్యి రెండుసార్లు మెడ దగ్గరికి పోయింది. అక్కడేమీ లేదని తెలిసి కిందికి దిగింది.

ముద్దనూరు మీదుగా పోయే బస్సులో ఆమె ఏడవడం మొదలుపెట్టింది. నేను వనిత ఏడవగా ఎన్నడూ చూడలేదు. డాక్టరు దగ్గర కూడా ఏడవలేదు. ఇప్పుడు మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని, ముందు సీటు కమ్మీ పట్టుకుని ఏడ్చింది.

"నాకు ఎవురూ ఏమీ కారనుకున్నా అక్కా. పోయినాక తెలుస్తాంది, ఆయప్ప, ఆ మనిషి, నాకు నాయన. మండీ నుంచి వచ్చేటప్పుడు చేతులు చీనీ వాసన వచ్చేవి. ఆ చేతుల్తోనే అన్నం కలిపి పెట్టేవాడు. ఈ లోకంలో నాకంటూ ఒక మనిషి ఉండాడని తెలిసే లోపలే పోయినాడు."

నేను ఆమె వీపు నిమురుతూ కూర్చున్నాను. నా కళ్లల్లోనూ నీళ్లు తిరిగాయి. ఇన్నాళ్లకు ఈ పిల్లకు తనవాడంటూ ఒకడు దొరికాడు, దొరికినవాడు పాడె మీద ఉన్నాడు అనుకుంటూ, నాకు వచ్చిన దువాలన్నీ చదువుకున్నాను.

ఓబులేసు ఇల్లు పులివెందులలో మండీకి దగ్గర్లో చిన్న సందులో ఉంది. సందు మొదట్లోనే నాకు ఏదో తేడాగా అనిపించింది. జనం గుమిగూడి లేరు. ఏడుపు వినపడలేదు. ఇంటి ముందు సాయినాథ్ వాళ్ల కారు నిలబెట్టి ఉంది. ఇంట్లోంచి మాంసం కూర ఉడుకుతున్న వాసన వస్తోంది. చావింట్లో పొయ్యి వెలిగించరు. మాలోనూ అంతే, వాళ్లలోనూ అంతే. వనిత ఆ వాసన పట్టించుకోలేదు, పరిగెత్తినట్టే లోపలికి పోయింది.

ఓబులేసు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఉతికిన పంచె కట్టి, కూతురు కోసం ఎదురుచూస్తున్నాడు.

"వచ్చినావా మ్మా" అన్నాడు.

వనిత అక్కడే కింద కూలబడి ఆయన కాళ్లు పట్టుకుంది. మోకాళ్లు, చేతులు, మొహం తడిమి చూసింది. "బతికే ఉండావా నాయనా, బతికే ఉండావా" అని అదే మాట అంటూ నవ్వింది, ఏడ్చింది. ఆ క్షణంలో ఆమె మొహం ఎట్లా ఉందో నేను చచ్చేదాకా మరిచిపోలేను. అంత సంతోషం నేను పెళ్లిళ్లలో కూడా చూడలేదు.

అప్పుడు మంచం మీద తల్లి పక్కన కూర్చున్న సాయినాథ్ మాట్లాడాడు.

"కాకి తన్నిందనుకో వనితా. కాకి తన్నినప్పుడు చుట్టాలకు అబద్ధం చావు కబురు పంపేది ఉండేదే కదా. వాళ్లు ఏడిస్తే దోషం పోతాది, మనిషికి ఆయుస్సు పెరుగుతాది. మీ నాయనకు మంచిదే చేసినాం."

మాతా అనే మాట పోయింది. వనితా అయింది. పక్కనే గోడకానుకుని నిలబడిన గురుప్రసాద్ ఇంకా కిందికి దిగాడు.

"ఏమే, కూర ఉడికినట్టుండాది. పోయి అందరికీ అన్నం పెట్టు" అన్నాడు.

వనిత ఆ ఇద్దరినీ చూడలేదు. నాయన మొహమే చూస్తోంది.

"నీకు తెలుసా నాయనా?"

ఓబులేసు తల వంచుకున్నాడు. "మీ బావే ఫోన్ చేసినాడు మ్మా. ఒక్క అబద్ధంతో పిల్ల సంసారం నిలబడతాదన్యాడు. నీ మంచికే కదా అని సరే అంటి. కూర నేనే చేయించినా. నువ్వు తిని శానా దినాలు అయిందంటే."

"బస్సులో నీ కోసం ఏడ్చినా."

"తెలుసులే మ్మా."

"నీకు తెలీదు నాయనా. అట్ల నేను ఎవురి కోసమూ ఏడవలేదు. నువ్వు నావాడివి అనుకుని ఏడ్చినా. ఆ ఏడుపు ఇప్పుడు యాడ పెట్టుకోవాల నేను?"

తాము పోతే కూతురు ఏడుస్తుందో లేదో అని ముసలితనంలో బెంగపడే తండ్రులను చూశాను. ఆ ఏడుపేదో ముందే ఏడిపించుకుని, దాంతో అల్లుడికి ఆదివారం కూర సంపాదించి పెట్టిన తండ్రిని మాత్రం ఇక్కడే చూశాను. నాకు ఆయన మీద జాలి కలగలేదు. ఇప్పటికీ కలగడం లేదు.

వనిత లేచి ఇంటి వెనక్కి పోయింది. కొళాయి కింద బక్కెట్టు నిండి ఉంది. చెంబు ముంచి, కట్టుకున్న చీర మీదే తల మీద పోసుకుంది. మళ్లీ ముంచి ఇంకో చెంబు పోసుకుంది. ఆమె పెదవులు ఏదో అంటున్నాయి. తడిబట్టతో నట్టింట్లోకి వచ్చి నిలబడింది. నేలంతా నీళ్లు కారాయి.

"ఇదేంది? ఎవురూ పోలేదు కదా, తలస్నానమెందుకు?" అన్నాడు సాయినాథ్.

"పోయినారు బావా. మీరు చెప్పిన చావు నిజమే. ఒక చెంబు మా నాయనకు పోసుకున్నా. ఒక చెంబు నా మొగుడికి పోసుకున్నా. నాకు మైల తీరిపోయింది."

ఆమె గొంతు పెంచలేదు. అందుకే ఎక్కువ భయం వేసింది. గురుప్రసాద్ ఏదో అనబోయి, అన్న వైపు చూశాడు. శాస్త్రాలన్నీ నోట్లో ఉన్న సాయినాథ్‌కు ఈ ఒక్కదానికీ విరుగుడు తోచలేదు. బతికున్న మనిషికి తలస్నానం చేస్తే ఆ మైల ఎట్లా తీయాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఓబులేసు మాత్రం "అంత మాట అనాకు మ్మా, అనాకు మ్మా" అని కుర్చీలోనే ఏడ్చాడు.

నేను ఆమెలాగా నెమ్మదస్తురాలిని కాను. పొయ్యి దగ్గరికి పోయి, ఆ కూర గిన్నెను రెండు గుడ్డలతో పట్టుకుని, సందులోకి తెచ్చి కాలువలో బోర్లించాను. వాడకట్టు కుక్కలన్నీ వచ్చాయి. ఖాళీ గిన్నెను సాయినాథ్ ముందు పెట్టి, "ఇది కూడా శాస్త్రంలో రాసుకోప్పా" అన్నాను. వేరేవాళ్ల ఇంటి కూర పారబోయడం తప్పేనని, తర్వాత ఈ సంగతి చెప్తే మా అమ్మ అంది. తప్పయితే కానీ.

తిరుగు బస్సులో వనిత ఏడవలేదు. తడిచీర ఒంటి మీదే ఆరింది. ప్రొద్దుటూరులో దిగాక ఎక్కడికి పోదామని నేను అడగలేదు, మోడంపల్లెలో మా ఇంటికి తీసుకుపోయాను. మా పక్క గది ఖాళీగా ఉంటే మర్నాడే అద్దెకు మాట్లాడాం. ఒక చాప, ఒక పొయ్యి, రెండు గిన్నెలు. వాటిని కూడా ఆమె నావి అనలేదు.

సంగతి విని శకుంతలమ్మ జమ్మలమడుగు నుంచి నిప్పులు కక్కుతూ వచ్చింది. తన చేతుల్తో, దండం పెట్టి మరీ తీసిన మాల అబద్ధానికి తీసిందని ఆమెకు అవమానంగా ఉంది. మాలను గుడ్డలో చుట్టి తెచ్చింది.

"అది మైల కాదు తల్లీ, మోసం. అమ్మ లెక్కలోకి రాదు. రా, మళ్లీ ఏస్తా" అంది.

వనిత ఆమె కాళ్లకు మొక్కింది గానీ మెడ వంచలేదు.

"వద్దులే అమ్మా. వాళ్లు నా దగ్గరికి రాకుండా అడ్డం పెట్టుకునేదానికి మాల కావాల్సి వచ్చింది. ఇప్పుడు వాళ్లు లేరు కదా. ఇప్పుడు ఉట్టి మెడతోనే బాగుంది నాకు."

శకుంతలమ్మ మాలను మళ్లీ గుడ్డలో చుట్టింది. తర్వాత, "నేను ఇన్నేళ్లుగా ఎందరికో ఏసినా, ఇట్ల ఒక్కతీ అనలేదు" అని, గుడ్డ మూట సంచిలో పెట్టుకుని లేచింది.

నా కోపం మాత్రం తగ్గలేదు. ఆ అన్నదమ్ములు వీధిలో కనపడితే నాకు ఇప్పటికీ తల తిరుగుతుంది. ఊళ్లో సగం మంది వాళ్లకే సర్దిచెప్పారు. ఏం చేస్తారు పాపం, కోడలు దారిలోకి రావాలని ఒక చిన్న అబద్ధం ఆడారు అన్నారు. పెళ్లాం లేని ఇల్లు ఎట్లా గడుస్తుందో అని గురుప్రసాద్ మీద జాలిపడినవాళ్లూ ఉన్నారు. ఒక మనిషికి పుట్టి ఇన్నేళ్లకు దొరికిన ఒకే ఒక్క తండ్రిని ఒక్క సాయంత్రం కూడా ఉండనివ్వలేదే, దాని గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

పెళ్లిళ్ల సీజన్లో ఒక రోజు అంగడి కిటకిటలాడుతోంది. గురుప్రసాద్ మెట్లెక్కి వచ్చాడు. శుభ్రంగా గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నన్ను చూడనట్టు దాటి లోపలికి పోయాడు. నేను మిషను ఆపాను. సెట్టి గల్లా దగ్గర లేచి నిలబడ్డాడు. పరుపు మీద చీరలు చూస్తున్న ఆడవాళ్లు కూడా తలెత్తారు. వనితకు ఆయన వచ్చింది కనపడింది. చేతిలోని చీర మడిచి పక్కన పెట్టి, ముందు కాస్త చోటు చేసింది.

"రా అన్నా, కూర్చో. ఎవురికి చూపించాల?" అంది.

మేం వచ్చిన మగవాళ్లందరినీ అన్నా అనే పిలుస్తాం. వనిత గొంతులో ఎగతాళి లేదు. అందరితో ఎట్లా అంటుందో అట్లాగే అంది. గురుప్రసాద్ కూర్చోకుండా ఆమె ముందుకు వంగాడు.

"నేను నీ మొగున్ని" అన్నాడు, నలుగురికీ వినపడకుండా.

"ఆయప్ప పోయినాడు అన్నా" అంది వనిత. "పట్టు చూపించాల్నా, నూలు చూపించాల్నా?"